ఎనిమిది బరువుల ఛాంపియన్: మ్యానీ పకియావ్ లెక్కను విప్పి చూస్తే

మ్యానీ పకియావ్ గురించి ఎక్కడ రాసినా మొదట కనిపించే మాట ఒక్కటే: ఎనిమిది బరువు తరగతుల్లో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచిన ఏకైక బాక్సర్. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఆ ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా తీసి, ఎవరి మీద గెలిచాడు, ఏ సంస్థ బెల్టు అందుకున్నాడు అని అడుగుతూ పోతే, ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో పెద్దవిగా చెలామణీ అయ్యే నాలుగు సంస్థల రికార్డుల్లో ఆరు తరగతులే దొరుకుతాయి. మిగిలిన రెండు తరగతులు ఎక్కడి నుంచి వచ్చాయన్నది అభిమానుల వాదన మాత్రమే కాదు. ఈ ఆటలో ఛాంపియన్ అన్న మాటకు అర్థం ఏమిటో, ఆ అర్థాన్ని ఎవరు నిర్ణయిస్తారో తెలుసుకోవాలంటే పకియావ్ జీవితం కన్నా మంచి దారి నాకు కనిపించలేదు.

మనకు అలవాటైన బాక్సింగ్ ఇది కాదు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో న్యూఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఎవరికీ సందేహం రాలేదు. ఆ ఏడాదికి ప్రపంచ పోటీ ఒక్కటే, పోటీల పట్టిక ఒక్కటే, వరుసగా గెలుస్తూ ఫైనల్‌లోనూ నెగ్గినవారిదే స్వర్ణం. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అలాంటి టోర్నమెంటు ఉండదు. అక్కడ ప్రతి పోరూ ఒక విడి ఒప్పందం. ఎవరితో తలపడాలి, ఎక్కడ, ఎంత డబ్బుకు, ఎంత బరువులో అన్నవన్నీ ఇద్దరు బాక్సర్ల ప్రమోటర్లు బేరమాడి తేల్చుకుంటారు. ఆ పోరుకు ప్రపంచ టైటిల్ హోదా కావాలంటే ఏదో ఒక సంస్థ ఆమోదముద్ర వేయాలి. అందుకు ఆ సంస్థ బాక్సర్ల పారితోషికంలో సాధారణంగా 3 శాతం దాకా రుసుముగా తీసుకుంటుంది.

ఇలాంటి సంస్థల్లో పెద్దవి నాలుగు. 1921లో వేరే పేరుతో మొదలై 1962లో పేరు మార్చుకున్న డబ్ల్యూబీఏ వీటిలో పాతది. 1963లో మెక్సికో నగరంలో డబ్ల్యూబీసీ పుట్టింది. 1980లలో ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ వచ్చి చేరాయి. ఈ నాలుగింటికీ ఉమ్మడిగా 17 బరువు తరగతులు ఉన్నాయి కనుక, ఒక్కో సంస్థకు ఒక్కో ఛాంపియన్ అనుకున్నా ఒకే సమయంలో 68 మంది ప్రపంచ ఛాంపియన్లు ఉండవచ్చు. టైటిల్ పోరు ఎన్నిసార్లు జరిగితే అన్నిసార్లు రుసుము వస్తుంది. అందుకే బెల్టుల సంఖ్య పెరగడమే తప్ప తగ్గడం ఈ ఆటలో అరుదు.

ఈ గందరగోళానికి విరుగుడుగా వాడుకలో ఉన్న కొలమానం మరొకటి ఉంది. ఛాంపియన్‌ను రింగులో ఓడించినవాడే తర్వాతి ఛాంపియన్ అవుతాడు, ఏ సంస్థ ఎవరి బెల్టు లాక్కున్నా ఆ పరంపర మారదు అన్నదే ఆ సూత్రం. 1922 నుంచి వెలువడుతున్న ‘ది రింగ్’ పత్రిక ఇంచుమించు ఇదే పద్ధతిలో తన సొంత బెల్టు ఇస్తూ వస్తోంది. చాలామంది బాక్సింగ్ ప్రియులు సంస్థల బెల్టుల కన్నా ఈ పత్రిక గుర్తింపునే ఎక్కువగా గౌరవిస్తారు. పకియావ్ ఎనిమిదిలో నాలుగు సంస్థల లెక్కకు అందని ఆ రెండు తరగతులూ ఇక్కడి నుంచే వచ్చాయి.

బెల్టుల సంగతి అలా ఉంచి బరువు సంగతికి వస్తే, అది ఇంకా చిక్కు విషయం. బాక్సర్ల తూకం పోరుకు ముందు రోజు జరుగుతుంది. అందువల్ల చాలామంది చివరి వారంలో తిండి, నీళ్లు తగ్గించి, చెమట కార్చి, అసలు శరీరం కన్నా బాగా తక్కువ బరువుతో కాటా ఎక్కుతారు. దిగిన వెంటనే నీళ్లు తాగి, తిని, మర్నాడు రింగులోకి వచ్చేసరికి మళ్లీ అయిదారు కిలోలు పెరుగుతారు. పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగాట్ 100 గ్రాముల తేడాతో ఫైనల్ పోగొట్టుకున్న ఉదయం కాటా ఎంత కఠినమైనదో మనందరికీ తెలిసింది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఛాంపియన్ బరువు మించితే బెల్టు కాటా మీదే పోతుంది. ప్రత్యర్థి మాత్రం గెలిస్తే దాన్ని దక్కించుకోవచ్చు. ఈ నియమం పకియావ్‌ను ఒకసారి గట్టిగానే దెబ్బతీసింది.

1978 డిసెంబర్ 17న ఫిలిప్పీన్స్‌లోని మిందనావో దీవిలో పుట్టి, జనరల్ శాంటోస్ నగరంలో పెరిగిన పకియావ్, పేదరికం తట్టుకోలేక బాల్యం దాటకముందే ఇల్లు వదిలి మనీలా చేరాడు. కొన్నాళ్లు వీధుల్లోనే పడుకున్నాడు. 1995 జనవరిలో, 16 ఏళ్ల వయసులో మొదటి ప్రొఫెషనల్ పోరు ఆడాడు. అప్పటికి తన బరువు 98 పౌండ్లే, అంటే 44 కిలోల పైచిలుకే ఉండేదని, 105 పౌండ్లకు చేరినట్టు చూపించడానికి జేబుల్లో బరువులు వేసుకుని కాటా ఎక్కానని తర్వాత తానే చెప్పాడు. అందరూ బరువు తగ్గి కిందికి దిగే ఆటలో, లేని బరువును అరువు తెచ్చుకుని మొదలుపెట్టినవాడు అతడు. ఆ తర్వాతి పాతికేళ్లలో అతడు చేసినదాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

మొదటి ప్రపంచ టైటిల్ 1998 డిసెంబర్ 4న, ఇరవయ్యేళ్లు నిండక ముందే, థాయ్‌లాండ్‌లో వచ్చింది. డబ్ల్యూబీసీ ఫ్లైవెయిట్ ఛాంపియన్ చాచాయ్ ససకుల్ మీద పాయింట్లలో వెనకబడి ఉండి కూడా ఎనిమిదో రౌండులో నాకౌట్ చేశాడు. ఫ్లైవెయిట్ పరిమితి 112 పౌండ్లు, అంటే 50.8 కిలోలు. నిఖత్ 2023లో స్వర్ణం గెలిచిన 50 కిలోల తరగతికి ఇంచుమించు సమానం. పెరిగే వయసులో ఉన్న శరీరాన్ని ఆ కొలతలో ఎంతో కాలం ఇరికించి ఉంచలేకపోయాడు. 1999 సెప్టెంబరులో మళ్లీ థాయ్‌లాండ్‌లోనే మెద్గోయెన్ సింగ్‌సురత్‌తో పోరుకు బరువు మించి వచ్చి కాటా మీద బెల్టు పోగొట్టుకున్నాడు. అప్పటికే ఎండిపోయిన శరీరంతో రింగులోకి దిగి, పొట్టలో పడిన ఒక్క దెబ్బకు మూడో రౌండులో కూలిపోయాడు.

అక్కడితో చాలామంది ఒక మెట్టు ఎక్కి 115 పౌండ్లకు వెళతారు. పకియావ్ 115నూ, 118నూ రెంటినీ వదిలేసి నేరుగా 122 పౌండ్ల సూపర్ బాంటమ్‌వెయిట్‌కు వెళ్లాడు. అందుకే అతడి ఎనిమిది తరగతులు వరుస మెట్లు కావు. 112 నుంచి 154 వరకు ఉన్న పది తరగతుల్లో రెండింటిని దాటేసిన ఎనిమిది అవి. 2001లో అమెరికా వెళ్లి, లాస్ ఏంజెలెస్‌లో శిక్షకుడు ఫ్రెడ్డీ రోచ్ నడిపే జిమ్‌లో చేరాడు. ఆ ఏడాది జూన్ 23న, వేరొకరు తప్పుకోవడంతో రెండు వారాల ముందు వచ్చిన పిలుపుతో లాస్ వేగస్‌లో దిగి, ఐబీఎఫ్ ఛాంపియన్, దక్షిణాఫ్రికాకు చెందిన లెడ్వాబాను ఆరో రౌండులో చిత్తుచేశాడు. ఇది రెండో తరగతి. ఈ రెండింటి విషయంలో ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా మూడో దానితో మొదలవుతుంది. నా దృష్టిలో అతడి విజయాలన్నింటిలో గొప్పది కూడా అదే. 2003 నవంబర్ 15న టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో 126 పౌండ్ల ఫెదర్‌వెయిట్‌లో మార్కో ఆంటోనియో బర్రేరాతో తలపడ్డాడు. ఆ తరగతిలో బర్రేరాను మించినవాడు లేడని అప్పటికి అందరూ ఒప్పుకున్నారు. అయినా అతడి దగ్గర నాలుగు సంస్థల బెల్టుల్లో ఒక్కటీ లేదు, ఎందుకంటే అంతకుముందు ఏడాది ఎరిక్ మోరాలెస్‌ను ఓడించినప్పుడు దక్కాల్సిన డబ్ల్యూబీసీ బెల్టును బర్రేరా తానే వద్దన్నాడు. అతడిని ఛాంపియన్‌గా చూపించేవి ‘ది రింగ్’ గుర్తింపు, ఓడించినవాడి పరంపర, అంతే. పకియావ్ అతడిని పదకొండో రౌండు దాకా తరిమి తరిమి కొట్టి పోరు ఆపించాడు. రికార్డు పుస్తకం మాత్రమే చూసేవాడికి ఆ రోజు ఏ ప్రపంచ టైటిలూ చేతులు మారలేదు. ఆట చూసినవాడికి మాత్రం ఆ తరగతిలో మొదటివాడు ఎవరన్నది మారిపోయింది. రెండిట్లో ఏది సత్యమన్నప్పుడు నేను రెండోదాని పక్షానే ఉంటాను.

నిజానికి ఈ చిక్కు ఆరు నెలల్లోనే తీరిపోవాల్సింది. 2004 మే 8న పకియావ్, డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్ ఫెదర్‌వెయిట్ బెల్టులున్న హువాన్ మాన్యుయెల్ మార్క్వెజ్‌తో తలపడ్డాడు. మొదటి రౌండులోనే మూడుసార్లు పడగొట్టాడు. బాక్సింగ్‌లో రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి సాధారణంగా 9 పాయింట్లు ఇస్తారు. పడిన ప్రతిసారీ ఇంకొక పాయింటు తగ్గుతుంది. అలా చూస్తే ఆ రౌండు 10-6 కావాలి. ముగ్గురు జడ్జీల్లో బర్ట్ క్లెమెంట్స్ దాన్ని 10-7 అని రాశాడు. మిగిలిన రౌండ్లలో మార్క్వెజ్ అసాధారణంగా కోలుకున్నాడు. చివరికి ఒక జడ్జి 115-110తో మార్క్వెజ్‌కు, ఒకరు 115-110తో పకియావ్‌కు, క్లెమెంట్స్ 113-113తో సమానంగా ఇవ్వడంతో పోరు డ్రా అయింది. తన లెక్క తప్పని క్లెమెంట్స్ తర్వాత ఒప్పుకున్నాడు. ఆ ఒక్క పాయింటు సరిగా రాసి ఉంటే అతడి కార్డు 113-112 అయ్యేది, పకియావ్ గెలిచేవాడు, ఫెదర్‌వెయిట్‌లో ఒకటి కాదు, రెండు పెద్ద సంస్థల బెల్టులు అతడి నడుముకు వచ్చేవి. పెద్ద సంస్థల లెక్కలో అతడి తరగతులు ఆరుగా మిగలడానికీ, ఏడు కావడానికీ మధ్య దూరం ఈ ఒక్క పాయింటే.

అదే పాయింటు నాలుగేళ్ల తర్వాత తిరిగి వచ్చింది. 2008 మార్చి 15న 130 పౌండ్ల సూపర్ ఫెదర్‌వెయిట్‌లో, డబ్ల్యూబీసీ టైటిల్ కోసం మళ్లీ ఈ ఇద్దరే తలపడ్డారు. ఒక జడ్జి మార్క్వెజ్‌కు, ఒకరు పకియావ్‌కు 115-112 ఇస్తే, మూడో కార్డు 114-113తో పకియావ్‌ను గెలిపించింది. మూడో రౌండులో మార్క్వెజ్‌ను పడగొట్టినందుకు వచ్చిన పాయింటు లేకపోతే ఈ బెల్టూ లేదు. ఒకచోట పోయింది మరోచోట వచ్చిందని చెప్పి దీన్ని సరిపెట్టడం మార్క్వెజ్‌కు న్యాయం కాదు. ఈ ఇద్దరి మధ్య జరిగిన నాలుగు పోర్లలో 2011 నాటి మూడోది కూడా తక్కువ తేడాతో పకియావ్‌కే వెళ్లింది. 2012 డిసెంబరులో ఆరో రౌండు ముగియడానికి ఒక్క క్షణం ముందు మార్క్వెజ్ వేసిన కుడిచేతి పంచ్‌కు పకియావ్ బోర్లా పడి చాలాసేపు కదలలేదు. జడ్జీలతో పని లేకుండా ముగిసింది ఆ ఒక్కటే.

2008 జూన్‌లో 135 పౌండ్లలో డేవిడ్ డియాజ్‌ను ఓడించి డబ్ల్యూబీసీ లైట్‌వెయిట్ బెల్టు తీసుకున్నాడు. ఆ తరగతిలో అతడు ఆడింది ఆ ఒక్క పోరే. డియాజ్‌ను ఆ తరగతిలో ప్రపంచంలో మొదటివాడిగా అప్పట్లోనూ ఎవరూ అనుకోలేదు. బెల్టు నిజమైనదే, ఎదుటివాడు మాత్రం బర్రేరా స్థాయివాడు కాడు. ఫెదర్‌వెయిట్‌కు ఇది సరిగ్గా తలకిందుల ఉదాహరణ.

ఆ ఏడాది డిసెంబర్ 6న జరిగినదాన్ని ఎనిమిదిలో ఎవరూ లెక్కించరు. ఎందుకంటే ఆ రోజు ఏ బెల్టూ పందెంలో లేదు. 147 పౌండ్ల పరిమితితో ఆస్కార్ డి లా హోయాతో తలపడి, ఎనిమిది రౌండ్ల తర్వాత అతడు స్టూలు మీద నుంచి లేవకుండా చేశాడు. పకియావ్‌ను ప్రపంచమంతటికీ తెలిసిన పేరుగా మార్చింది ఈ పోరే. ఆరు తరగతుల్లో ఛాంపియన్‌గా నిలిచిన డి లా హోయా ఎన్నో ఏళ్లుగా ఆడని బరువుకు దిగడానికి తనను తాను ఎండగట్టుకున్నాడు. కాటా మీద డి లా హోయా 145, పకియావ్ 142. పకియావ్‌కు తగ్గించుకోవాల్సినది ఏమీ లేదు, కడుపునిండా తిని కాటా ఎక్కవచ్చు. పై తరగతులకు వెళ్లడం అంటే తనకన్నా పెద్దవాళ్లను ఎదుర్కోవడం, అది సాహసమే. దానితో పాటు శరీరాన్ని ఎండబెట్టుకునే శిక్ష నుంచి విముక్తి కూడా. అతడి వేగం పై బరువుల్లో తగ్గకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటని నా నమ్మకం. ఎడమచేతి మీదే ఆధారపడే ఆటకు రోచ్ కుడిచేతి హుక్‌ను కూడా జోడించడం మరొకటి.

2009 మే 2న 140 పౌండ్లలో రికీ హాటన్‌ను రెండో రౌండులో మట్టి కరిపించాడు. లెక్కలో ఇది రెండో చిక్కు. హాటన్ దగ్గర ఉన్నవి ‘ది రింగ్’ గుర్తింపు, నాలుగు పెద్దవాటి వెలుపల ఉండే ఐబీఓ బెల్టు. ఆ రోజుల్లో ఆ పత్రిక డి లా హోయా ప్రమోషన్ కంపెనీ చేతిలో ఉండటం వల్ల దాని బెల్టుల నిష్పాక్షికతను ప్రశ్నించినవారూ ఉన్నారు. అయినా హాటన్ 140 పౌండ్లలో అప్పటివరకు ఓడలేదు, తనకు ముందున్న ఛాంపియన్ కోస్త్యా త్సూను ఓడించి ఆ స్థానానికి వచ్చాడు. బర్రేరాను అంగీకరించిన కొలమానంతోనే హాటన్‌నూ అంగీకరించాలి. ఒకటి తీసుకుని ఒకటి వదలడం కుదరదు.

అదే ఏడాది నవంబర్ 14న మిగెల్ కోటోను పన్నెండో రౌండులో ఆపి డబ్ల్యూబీఓ వెల్టర్‌వెయిట్ బెల్టు గెలిచాడు. ఆ తరగతి పరిమితి 147. అయితే ఒప్పందంలో 145 అని రాసుకున్నారు. ఇలా ఇరుపక్షాలూ మధ్యలో ఒక బరువును ఖాయం చేసుకోవడాన్ని క్యాచ్‌వెయిట్ అంటారు. మామూలు పోరులో అది ఇద్దరి ఇష్టం. ఒక ఛాంపియన్ తన బెల్టును తన తరగతి కన్నా తక్కువ బరువులో కాపాడుకోవాల్సి రావడం మాత్రం నాకు సమ్మతం కాదు. పేరున్న బాక్సర్ వైపు బేరంలో ఎంత బలం ఉంటుందో ఆ రెండు పౌండ్లు చెబుతాయి. కోటో ఓడింది బరువు వల్ల కాదని పోరు చూసిన ఎవరైనా అంటారు. అయినా ఆ షరతు లేకుండా జరిగి ఉంటే ఈ విజయం పక్కన ఆ ప్రశ్న ఉండేదే కాదు.

ఎనిమిదో తరగతిలో ఇది మరీ స్పష్టం. 2010 నవంబర్ 13న టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో, 40 వేలకు పైగా జనం మధ్య ఆంటోనియో మార్గరీటోతో తలపడ్డాడు. ఖాళీగా ఉన్న డబ్ల్యూబీసీ లైట్ మిడిల్‌వెయిట్ టైటిల్‌ను ఆ పోరుకు కేటాయించారు. ఆ తరగతి 154 పౌండ్లది, ఒప్పందం 150కి. అంతకుముందు ఏడాది చేతికట్లలో గట్టిపడే పదార్థం దొరికి కాలిఫోర్నియాలో లైసెన్సు పోగొట్టుకున్న మార్గరీటో ఆ టైటిల్ పోరుకు ఏ విధంగా అర్హుడన్నది ఎవరైనా అడగాల్సిన ప్రశ్న. అందుకే టైటిల్‌గా చూస్తే ఎనిమిదిలో బలహీనమైనది ఇదే. కాటా మీద పకియావ్ 144.6 పౌండ్లు, మర్నాటికి మార్గరీటో 165కి, పకియావ్ 148కి చేరారు. అంటే 17 పౌండ్ల తేడా, ఏడున్నర కిలోల పైమాట. చేతుల పొడవులోనూ ఎత్తులోనూ అంత పెద్దవాడిని పన్నెండు రౌండ్లు కొట్టి, కంటి గూటి ఎముక విరిగేలా చేసి గెలిచాడు. బెల్టుకు విలువ లేకపోయినా ఆ రాత్రి అతడు చేసినదానికి ఉంది. ఆ బెల్టును తర్వాత ఒక్కసారి కూడా కాపాడుకోలేదు, వదిలేశాడు.

ఇంత వేగంగా ఇన్ని తరగతులు ఎక్కినవాడి మీద అనుమానాలు రావడం సహజమే. 2009 చివర్లో ఇద్దరి పోరుకు బేరం నడుస్తుండగా అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ వైపువారు ఒలింపిక్ తరహా రక్తపరీక్షలు కోరడం, ఆ బేరం తెగిపోవడం, తనపై నిషిద్ధ ఉత్ప్రేరకాల ఆరోపణలు చేశారని పకియావ్ పరువునష్టం దావా వేయడం, 2012లో అది రాజీతో ముగియడం ఆ కథలో భాగాలు. అతడు నిషిద్ధ పదార్థాలకు ఏ పరీక్షలోనూ దొరకలేదు. ఆ ఇద్దరూ చివరికి 2015 మే 2న తలపడినప్పుడు అమెరికాలో 46 లక్షల పే పర్ వ్యూ (విడిగా డబ్బు కట్టి టీవీలో చూసే) కొనుగోళ్లు జరిగాయి. మేవెదర్ ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ గెలిచాడు. ఆట ఆశించినంత లేదని అందరూ నిరాశపడిన ఆ పోరు గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఎనిమిది అన్న అంకెను పాతకాలపు వీరులతో పోల్చేటప్పుడు ఇంకొక లెక్క అవసరం. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1938లో ఫెదర్, లైట్, వెల్టర్ మూడు తరగతుల టైటిళ్లనూ ఒకేసారి పెట్టుకున్నాడు. ఆనాడు స్థిరంగా ఉన్న తరగతులు ఎనిమిదే, ఒక్కోదానికి ఎక్కువగా ఒక్క ఛాంపియనే. నాలుగో దానికోసం 1940లో మిడిల్‌వెయిట్ ఛాంపియన్ సెఫెరినో గార్సియాతో తలపడి డ్రాతో సరిపెట్టుకున్నాడు. గార్సియా కూడా ఫిలిప్పీన్స్‌వాడే. ఆ పాత ఎనిమిది తరగతులనే పకియావ్‌కు వర్తింపజేస్తే ఫ్లై, ఫెదర్, లైట్, వెల్టర్ అనే నాలుగు మిగులుతాయి. నాలుగు అన్నది చిన్న అంకె కాదు. 112 నుంచి 147 దాకా, మధ్యలో 118ని దాటేసి, నాలుగు పాత తరగతుల్లో ఛాంపియన్ కావడం ఎనిమిది అన్న ప్రచారపు అంకె కన్నా నాకు ఎక్కువ అబ్బురంగా ఉంటుంది.

మార్గరీటో పోరు తర్వాతి సంవత్సరాల్లో పకియావ్ లెక్కలు మరింత ముడిపడ్డాయి. 2012 జూన్‌లో టిమొతీ బ్రాడ్లీ చేతిలో ఇద్దరు జడ్జీల 115-113 కార్డులతో ఓడిపోయినప్పుడు డబ్ల్యూబీఓ అయిదుగురు జడ్జీలతో వీడియో చూపించి మళ్లీ లెక్కింపజేసింది. అయిదుగురూ పకియావ్ గెలిచాడన్నారు. ఫలితం మాత్రం మారలేదు. 2018లో కౌలాలంపూర్‌లో లూకాస్ మత్తిస్సేను ఓడించి డబ్ల్యూబీఏ వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అయితే డబ్ల్యూబీఏ ఒకే తరగతిలో ‘సూపర్’ ఛాంపియన్, మామూలు ఛాంపియన్ అని రెండు పీటలు వేస్తుంది. పకియావ్‌ది రెండో పీట. సూపర్ పీట మీద ఉన్న, అప్పటివరకు ఓటమి ఎరుగని కీత్ థర్మన్‌ను 2019 జూలై 20న మొదటి రౌండులోనే పడగొట్టి, పాయింట్లతో గెలిచి, 40 ఏళ్ల వయసులో వెల్టర్‌వెయిట్ చరిత్రలో అతి పెద్ద వయసు ఛాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత రెండేళ్లు రింగు ఎక్కలేదు. నాలుగు దశాబ్దాల్లో ప్రపంచ టైటిల్ ఉన్న ఏకైక బాక్సర్ అన్న మాట ఈ ఖాళీ కాలం మీదే నిలబడింది, ఎందుకంటే 2020లో ఒక్క పోరూ ఆడకుండానే ఆ టైటిల్ అతడి పేరున ఉంది. 2021 జనవరిలో డబ్ల్యూబీఏ అతడిని విరామంలో ఉన్న ఛాంపియన్‌గా ప్రకటించి, ఆ స్థానాన్ని యోర్డెనిస్ ఉగాస్‌కు ఇచ్చింది. తాను రింగులో గెలుచుకోని ఆ టైటిల్‌ను ఉగాస్ అదే ఏడాది ఆగస్టు 21న లాస్ వేగస్‌లో పకియావ్‌ను స్పష్టంగా ఓడించి తనదని రుజువు చేసుకున్నాడు. మరుసటి నెలలోనే పకియావ్ 62 విజయాలు, 8 ఓటములు, 2 డ్రాలతో విరమించాడు. అప్పటికే సెనేటర్‌గా ఉన్న అతడు 2022లో దేశాధ్యక్ష పదవికి పోటీచేసి మూడో స్థానంలో నిలిచాడు.

2025 జూన్‌లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతడికి చోటు దక్కింది. మరుసటి నెల 19న, 46 ఏళ్ల వయసులో, డబ్ల్యూబీసీ వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ మారియో బర్రియోస్‌తో తలపడటానికి మళ్లీ లాస్ వేగస్ రింగులోకి వచ్చాడు. 2019 తర్వాత ఒక్క పోరూ గెలవని వ్యక్తికి ప్రపంచ టైటిల్ పోటీకి నేరుగా అర్హత ఇవ్వడం ఏ క్రీడలోనూ సమర్థించదగినది కాదు. ఆ పని చేసింది అతడి పేరు, ఆ పేరుకు వచ్చే డబ్బు. అయితే పన్నెండు రౌండ్లు అయ్యాక ఒక జడ్జి 115-113తో బర్రియోస్‌కు ఇవ్వగా, మిగిలిన ఇద్దరూ 114-114 అని రాశారు. డ్రా అయితే టైటిల్ ఛాంపియన్ దగ్గరే ఉంటుంది కనుక బెల్టు బర్రియోస్‌తోనే వెళ్లింది.